రుణం ఇరవై ఏళ్లు, బడ్జెట్ ఒక్క ఏడాది

రాజధానిలో చలి ముదరడానికీ బడ్జెట్ ఊహాగానాలు ముదరడానికీ ఏదో చుట్టరికం ఉన్నది. 2017 నుంచి బడ్జెట్‌ను ఫిబ్రవరి చివర కాక 1వ తేదీననే లోక్‌సభకు సమర్పిస్తూ ఉండడంతో ఆ చుట్టరికం మరింత దగ్గరైంది. పరిశ్రమల వారు, ఎగుమతిదారులు, రైతు నాయకులు, కార్మిక సంఘాల వారు వినతిపత్రాలు చేతబట్టుకొని ఆర్థిక మంత్రి దర్శనానికి వరుసలు కట్టే కాలమది. ఆ వరుసలో ఏనాడూ కనిపించని వ్యక్తి ఒకరున్నారు. బ్యాంకులో అప్పు చేసి చిన్న ఫ్లాటు ఒకటి కొని, దానిని అద్దెకిచ్చుకొన్న ఉద్యోగి. ఆయన తరఫున తామే మాట్లాడుతున్నామని గృహనిర్మాణ సంస్థల సంఘాలు ఏటా చెబుతూనే ఉంటాయి. ఇంటి అప్పు వడ్డీపై పన్ను రాయితీని పెంచమని కోరుతూనే ఉంటాయి. కాని ఆ సంఘాలకు కావలసింది కట్టిన ఇళ్లు అమ్ముడుపోవడం. కొన్నవాడు ఆ తరువాత ఇరవై ఏళ్లు ఏమి పడుతున్నాడన్నది వారి వినతిపత్రాలలో ఉండదు.

అది తెలుసుకొందామని మూడు ఆదివారాలు మూడిళ్లకు వెళ్లాను. ముగ్గురూ ఇంటి యజమానులే. ముగ్గురూ మూడు రకాలుగా మాట్లాడారు.

మొదటిది గురుగ్రామ్‌లో ఒక తెలుగు ఇంజనీరు కాపురముంటున్న అద్దె ఇల్లు. ఆయన స్వస్థలం తెనాలి ప్రాంతంలో ఒక పల్లె. 2015లో, ఉద్యోగం నోయిడాలో ఉన్న రోజుల్లో, అక్కడే ఫ్లాటు కొన్నారు. రెండేళ్లు తిరగకుండానే కార్యాలయం గురుగ్రామ్‌కు మారింది. రోజూ యమున దాటి రాకపోకలు సాగించడం కష్టమై, ఆ ఫ్లాటును అద్దెకిచ్చి ఇక్కడ అద్దెకు దిగారు. అంటే ఆయన ఏకకాలంలో ఇంటి యజమానీ, అద్దెదారూ కూడా.

“అన్నగారూ, నేను కొన్నది ఇల్లో, వడ్డీయో నాకే అర్థం కావడం లేదు” అంటూ ఆయన ఒక కాగితం తీశారు. “ఆ కాగితం తీశారంటే పప్పు చల్లారిపోవలసిందే. ముందు మీరు భోజనానికి లేవండి అన్నయ్యగారూ” అని వంటింట్లోనుంచి ఆయన శ్రీమతి హెచ్చరించారు. హెచ్చరిక ఫలించలేదు. గోంగూర, గుమ్మడికాయ పులుసులతోపాటు ఆ కాగితాన్ని కూడా ఆరగించవలసి వచ్చింది.

కాగితంలోని సంగతికి ముందు చట్టం గురించి రెండు మాటలు. ఇల్లు అద్దెకిచ్చినవానికి వచ్చే అద్దెలోనుంచి, ఆయన చెల్లించిన పురపాలక పన్ను తీసివేస్తారు. మిగిలినదానిలో, మరమ్మతులు చేయించినా చేయించకపోయినా, నూటికి 30 తీసివేస్తారు. ఆ ఇంటిపై చేసిన అప్పుకు వడ్డీ ఉంటే దానినీ తీసివేస్తారు. మిగిలేది ఆదాయం. ఏమీ మిగలక లోటు తేలితే అది నష్టం. తాకట్టు పెట్టిన ఇంటిపై వడ్డీని మినహాయించడమనేది కొత్త ఔదార్యమేమీ కాదు. బ్రిటిష్ వారి కాలంనాటి 1922 చట్టంలోనే ఉన్నది. 1961 నాటి చట్టంలో అది 24వ సెక్షనుగా స్థిరపడింది. యజమాని తానే నివసించే ఇంటికైతే ఆ వడ్డీ మినహాయింపుకు పరిమితి ఉండేది. అది క్రమంగా పెరుగుతూ 2001లో లక్షన్నర, 2014లో రెండు లక్షలు అయింది. అద్దెకిచ్చిన ఇంటికి అలాంటి పరిమితి లేదు. కట్టిన వడ్డీ అంతా మినహాయింపే. తేలిన నష్టాన్ని జీతంలోనుంచి తగ్గించుకొని, మిగిలిన జీతం మీదనే పన్ను కట్టేవారు.

మహానగరాలలో ఏడాది అద్దె ఇంటి ఖరీదులో చిన్న భాగమే. బ్యాంకు వడ్డీ శాతమేమో అంతకంటె చాలా ఎక్కువ. ఈ రెండింటి మధ్య ఉన్న అగాధం మీద వేసిన వంతెనే ఆ పన్ను రాయితీ. అది లేకుంటే అప్పు చేసి ఇల్లు కొని అద్దెకివ్వడానికి లెక్క తెలిసినవాడెవడూ సాహసించడు.

ఇంజనీరుగారి సొంత అంకెలు ఎందుకు గాని, ఒక గుండ్రని లెక్క చెబుతాను. 80 లక్షల ఫ్లాటు. 60 లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు. నెలసరి వాయిదా సుమారు 52 వేలు. తొలి ఏడు కట్టే సుమారు ఆరు లక్షల పాతిక వేలలో అయిదు లక్షలకు పైగా వడ్డీయే. అద్దె నెలకు 18 వేల చొప్పున ఏడాదికి 2 లక్షల 16 వేలు. పురపాలక పన్ను ఆరు వేలు, ఆపైన నూటికి 30 పోగా మిగిలేది లక్షా 47 వేలు. వడ్డీతో పోల్చితే సుమారు 3 లక్షల 58 వేల నష్టం. ముప్పై శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి ఆ నష్టం జీతంలోనుంచి తగ్గితే లక్షా ఏడు వేల రూపాయల పన్ను మిగిలేది. 2015లో ఇంజనీరుగారు ఇల్లు కొన్నది ఈ తరహా లెక్కను నమ్ముకొనే.

2017 ఫిబ్రవరిలో అరుణ్ జైట్లీ ప్రవేశపెట్టిన ఆర్థిక బిల్లు 71వ సెక్షనుకు ఒక ఉపనిబంధనను తగిలించింది. ఇంటి మీద నష్టం ఎంత ఉన్నా జీతంలోనుంచి గాని మరి ఏ ఇతర ఆదాయంలోనుంచి గాని ఏడాదికి రెండు లక్షలకు మించి తగ్గించుకొనరాదన్నది. అంతర్జాతీయంగా అనుసరిస్తున్న మంచి పద్ధతులకు అనుగుణంగా ఈ మార్పు చేస్తున్నామని బిల్లుతోపాటు ఇచ్చిన వివరణ పత్రం పేర్కొన్నది. మన గుండ్రని లెక్కలో రాయితీ లక్షా ఏడు వేలనుంచి 60 వేలకు దిగింది. అప్పు మాత్రం దిగలేదు.

మిగిలిన లక్షా 58 వేల నష్టం వృథా కాదు గదా, దానిని ఎనిమిదేళ్లపాటు ముందుకు తీసుకొని వెళ్లవచ్చును గదా అని అధికారులు అంటారు. అక్షరాలా నిజమే. కాని దానిని ఇంటి ఆదాయంలోనుంచి మాత్రమే తగ్గించుకోవాలి. ఆ ఆదాయం ఎప్పుడు పుడుతుంది? అద్దె ఏటా నూటికి ఆరు చొప్పున పెరిగిందనుకొందాం. తొమ్మిదో ఏట అద్దె 3 లక్షల 44 వేలకు చేరుతుంది. తీసివేతలు పోగా మిగిలేది సుమారు 2 లక్షల 35 వేలు. ఆ ఏడు కట్టవలసిన వడ్డీ ఇంకా 3 లక్షల 90 వేల దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే మొదటి ఏటి నష్టానికి ఇచ్చిన గడువు తీరేనాటికి కూడా సర్దుబాటు చేసికొనడానికి ఇంట్లోనుంచి ఒక్క రూపాయి ఆదాయం పుట్టదు. తినే యోగం లేనివానికి ఎనిమిదేళ్లపాటు చెల్లే విందు ఆహ్వానం ఇచ్చినట్లున్నది.

రెండో దెబ్బ ఇంకా నిశ్శబ్దంగా పడింది. 2020 బడ్జెట్‌లో తక్కువ రేట్లు, మినహాయింపులు లేని కొత్త పన్ను పద్ధతిని ప్రవేశపెట్టారు. అందులో స్వంతంగా నివసించే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. అద్దె ఇంటికి ఉన్నది గాని, నష్టం తేలితే దానిని జీతంలోనుంచి పైసా కూడా తగ్గించుకొనరాదు. ఈ సంగతి వివరణ పత్రంలో కుండలీకరణాల మధ్య ఇరుక్కొని ఉన్నది. అప్పట్లో అది ఇష్టమైనవారికే. 2023 నుంచి అదే తనంతట తానుగా వర్తించే పద్ధతి అయింది. పాతదే కావాలనుకొనే ఉద్యోగి గడువులోగా ప్రత్యేకంగా కోరుకోవాలి. 2025లో కొత్త పద్ధతి కింద 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేకుండా చేయడంతో పాత పద్ధతి ఆకర్షణ మరింత తగ్గిపోయింది. 1961 చట్టం స్థానే, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన 2025 నాటి ఆదాయపు పన్ను చట్టం కూడా భాషను సరళం చేసిందే గాని ఈ సూత్రాలను కదపలేదు.

ఇల్లు అద్దెకిచ్చినవారి వడ్డీ రాయితీని రద్దు చేస్తున్నామని ఏ ఆర్థిక మంత్రీ ప్రకటించలేదు. ఎవరూ రద్దు చేయలేదు కూడా. అది నడిచే దారిని పక్కకు మళ్లించి, పాత దారిలో గడ్డి మొలవనిస్తున్నారు.

బ్రిటన్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. అద్దె ఇళ్ల యజమానులకు అక్కడున్న వడ్డీ రాయితీని తగ్గిస్తామని 2015 జులైలో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బర్న్ బహిరంగంగానే ప్రకటించారు. 2017 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లలో అంచెలంచెలుగా అమలు చేశారు. ఎంత పెద్ద శ్లాబులో ఉన్నవారికైనా వడ్డీపై నూటికి 20 మాత్రమే పన్ను తగ్గింపు మిగిలింది. యజమానులు సంఘాలు కట్టారు, పత్రికలకెక్కారు, న్యాయస్థానానికి వెళ్లి 2016లో ఓడిపోయారు. కాకతాళీయమే అయినా ఒక విచిత్రమున్నది. అక్కడి యజమానులు తిట్టిపోసే ఆ నిబంధన కూడా 24వ సెక్షనే. ఇక్కడా అక్కడా అమలు మొదలైంది 2017 ఏప్రిల్‌లోనే. న్యూజిలాండ్ కథ మరొక రకం. 2021 అక్టోబరు నుంచి వడ్డీ మినహాయింపును తొలగించడం మొదలుపెట్టారు. ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్ నాటికి మొత్తం తిరిగి ఇచ్చేశారు. ఆ రెండు దేశాలలో ఈ విషయం ఎన్నికలలోకీ వీధులలోకీ వచ్చింది. మనదగ్గర చాలామందికి రిటర్ను దాఖలు చేసేటప్పుడు గాని తెలిసిరాలేదు. ఇంజనీరుగారికి కూడా అంతేనట.

రెండో ఆదివారం పాత రాజేంద్రనగర్‌కు వెళ్లాను. సివిల్ సర్వీసుల పరీక్షలకు శిక్షణ పొందడానికి తెలుగు రాష్ట్రాలనుంచి వచ్చే పిల్లలకు ఈ పేట కొట్టినపిండి. దేశ విభజనలో సర్వస్వం పోగొట్టుకొని పశ్చిమ పంజాబునుంచి వచ్చిన శరణార్థులకోసం వెలసిన కాలనీ ఇది. నేను వెళ్లిన ఇంటి యజమానురాలు ఆ శరణార్థి కుటుంబపు కోడలు. విశాఖపట్నం కుర్రవాడొకడు ఆమెను “ఆంటీజీ” అని పిలిచి నన్ను పరిచయం చేశాడు. మామగారు కట్టిన రెండు గదుల మీద భర్త ఒక అంతస్తు, కొడుకు మరొక అంతస్తు లేపారు. ఇప్పుడు ప్రతి అంతస్తునూ చిన్న చిన్న గదులుగా విడగొట్టి విద్యార్థులకు ఇస్తున్నారు. ఒక్కొక్క గదిలో ఒక మంచం, ఒక బల్ల, గోడనిండా భారతదేశ పటాలు.

ఇంటి మీద అప్పుందా అని అడిగితే ఆమె నవ్వింది. “భాయీసాహెబ్, బ్యాంకువాళ్లు మా గడప తొక్కలేదు. మేము తినక కట్టుకొన్న ఇల్లిది” అన్నది. 2017 మార్పు గాని, కొత్త పన్ను పద్ధతి గాని ఆమెను తాకలేదు. తాకవు కూడా. వడ్డీ లేనివానికి వడ్డీ రాయితీ పోతే ఏమిటి? అద్దె ఏ రూపంలో తీసుకొంటారని అడిగాను. పిల్లలు ఎలా ఇస్తే అలా అన్నది. రసీదు అడిగిన విద్యార్థిని ఆమె ఇంతవరకు చూడలేదట. నేను మరి రెట్టించలేదు.

ఆ మెట్లు దిగుతూ ఉండగా నాకు తట్టిన విషయం ఇది. అప్పు చేసినవాని లావాదేవీ అంతా బ్యాంకు పుస్తకాలలో ఉంటుంది. ఆయన అద్దె, వడ్డీ, జీతం మూడూ ప్రభుత్వానికి అరచేతిలో ఉసిరికాయ. కట్టుదిట్టం చేయడానికి సులువైనవాడూ ఆయనే. తరతరాల ఇల్లున్నవారు, రొక్కంతో నాలుగు ఫ్లాట్లు కొన్నవారు ఈ నిబంధనలకు ఆవలి ఒడ్డున ఉన్నారు.

మూడో ఇల్లు ద్వారకలో. కేంద్ర ప్రభుత్వంలో లెక్కల విభాగాన జీవితమంతా గడిపి పదవీ విరమణ చేసిన ఒక తమిళ పెద్దమనిషిది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఫ్లాటులో తాను ఉంటూ, అప్పు తీరిపోయిన రెండో ఫ్లాటును అద్దెకిచ్చారు. ఇంటి యజమాని అయి ఉండి కూడా ఈ రాయితీని ఆయన ససేమిరా సమర్థించలేదు. ఆయన వాదన తోసివేయదగ్గది కాదు. ముప్పై శాతం శ్లాబులోనివానికి వంద రూపాయల వడ్డీపై ప్రభుత్వం ముప్పై ఇచ్చేది. అయిదు శాతం శ్లాబులోనివానికి అయిదు. పన్ను కట్టేంత ఆదాయమే లేనివానికి సున్న. ఎంత పెద్ద జీతగాడైతే అంత పెద్ద రాయితీ అన్నమాట. రెండో ఇల్లు, మూడో ఇల్లు కొనేవారికి ఖజానానుంచి ఎందుకివ్వాలి? అలా కొన్న ఇళ్లలో మనుషులైనా ఉన్నారా? 2011 జనాభా లెక్కలు పట్టణాలలో కోటీ పది లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా పడి ఉన్నాయని తేల్చలేదా?

కాఫీ రెండోసారి వచ్చింది. అప్పుడు ఇంజనీరుగారి సంగతి చెప్పి, మీరే ఆ కుర్చీలో ఉంటే ఏమి చేసేవారని అడిగాను. పెద్దమనిషి కాసేపు ఆలోచించి, 2017 ఏప్రిల్ తరువాత చేసిన అప్పులకు మాత్రమే వర్తింపజేసి ఉండేవాడినన్నారు.

నా మనస్సులోని మాట కూడా అదే. రాయితీని కుదించడం తప్పని నేను అనను. మాట నమ్మి ఇరవై ఏళ్ల కాగితం మీద సంతకం పెట్టినవానికి మూడో ఏటనే షరతులు మార్చడం తప్పు. పాతవారికి రక్షణ కల్పించడమనేది మన ఆర్థిక శాఖకు తెలియని విద్య కాదు. 2018లో వాటాలపై దీర్ఘకాలిక లాభాలకు తిరిగి పన్ను వేసినప్పుడు, ఆ ఏడు జనవరి 31 వరకు పెరిగిన విలువను వదిలిపెట్టారు. 2024 జులైలో ఇళ్లు, స్థలాల అమ్మకంపై ద్రవ్యోల్బణ సవరణను తొలగించినప్పుడు దేశమంతటా గగ్గోలు పుట్టింది. పక్షం రోజులలోనే ప్రభుత్వం దిగివచ్చి, జులై 23కు ముందు కొన్నవారు పాత లెక్కనో కొత్త లెక్కనో ఏది లాభమైతే అది ఎంచుకోవచ్చునన్నది. వాటాలున్నవారికి రక్షణ దొరికింది. ఇల్లు అమ్ముకొనేవారికి దొరికింది. అప్పు చేసి అద్దెకిచ్చినవారికి దొరకలేదు. వారు గగ్గోలు పెట్టలేదు మరి.

అద్దెకుండేవారి మాటేమిటని పాఠకులు అడగవచ్చును. ముగ్గురు యజమానులూ తమంతట తాముగా ఆ ప్రస్తావన తేలేదు. రాయితీ పోతే అద్దెలు పెంచుతామని యజమానుల తరఫున ఒక బెదిరింపు ఎప్పుడూ వినవస్తుంది. అద్దెను నిర్ణయించేది యజమాని వడ్డీ భారం కాదు. పక్క ఇంటి అద్దె, అద్దెదారు జీతం. ఇంజనీరుగారు అద్దె రెండు వేలు పెంచబోతే అదే సముదాయంలో అప్పు లేని మరొక యజమాని పాత అద్దెకే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారట. కాని వేరొక రకంగా నష్టం ఉన్నది. పాత పద్ధతిలో ఉద్యోగి ఇంటి అద్దె భత్యంపై మినహాయింపు పొందడానికి యజమానినుంచి రసీదు పుచ్చుకొనేవాడు. ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు కూడా ఇవ్వవలసిందే. కొత్త పద్ధతిలో ఆ మినహాయింపు కూడా లేదు. రసీదుతో పనేమున్నది? యజమానికి నష్టం చూపి ప్రయోజనం లేదు, అద్దెదారుకు అద్దె చూపి ప్రయోజనం లేదు. ఇద్దరూ కలిసి చీకట్లో చేతులు మార్చుకొంటే అడ్డుపడే స్వార్థం ఎవరికీ మిగలలేదు. నెలకు 50 వేలు దాటిన అద్దెలపై అద్దెదారే పన్ను మినహాయించి జమ చేయాలన్న నిబంధన ఉన్నది గాని, మధ్యతరగతి అద్దెలు ఆ గీతకు చాలా దిగువన ఉంటాయి.

ఇక ఢిల్లీలో అద్దె చట్టాల గతి చెప్పనక్కరలేదు. 1958 నాటి చట్టం ఇప్పటికీ పాత బజారు దుకాణాలను నామమాత్రపు అద్దెలకు కట్టిపడవేసి ఉన్నది. దాని స్థానంలో రావలసిన 1995 చట్టానికి పార్లమెంటు, రాష్ట్రపతి ఆమోదం లభించినా, వర్తకుల ఆందోళనకు జడిసి అమలు తేదీని ప్రకటించనే లేదు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాష్ట్రాల దయ మీద ఆధారపడి ఉన్నది. ద్వారక పెద్దమనిషికి పన్ను కంటె ఈ విషయంలోనే ఎక్కువ కోపం. అది మరొక వారం.

తిరిగి ఇంజనీరుగారి దగ్గరకు వస్తాను. నేను వెళ్లి వచ్చిన పది రోజులకు ఫోను చేశారు. నోయిడా ఫ్లాటును అమ్మడానికి నిశ్చయించుకొన్నారట. కొనడానికి వచ్చినవారు రొక్కపు ఆసామి. అప్పు అవసరం లేదు, ఇల్లు ఖాళీ చేయించి ఇవ్వాలన్నది ఒక్కటే ఆయన షరతు. ఆ ఫ్లాటులో అద్దెకున్నది ఒడిశానుంచి వచ్చిన కుటుంబం. పెద్దమ్మాయి పదో తరగతి. మార్చి వరకు ఆగండి సార్ అని ఆ అమ్మాయి తండ్రి అడిగారట. కొనేవారు ఫిబ్రవరి అంటున్నారు.

“ఏమి చెప్పారు?” అని అడిగాను.

“పరీక్షలు అయ్యేదాకా ఆగుతామని చెప్పాను అన్నగారూ. రెండు వాయిదాలు అదనంగా కడతాను, అంతే గదా” అన్నారు. వెనుకనుంచి శ్రీమతి ఏదో అంటున్నారు గాని సరిగా వినిపించలేదు.